బుధవారం గడి చదివారా? తొలి మారథాన్‌కు ప్లాన్ ఎంచుకునే లెక్క

తొలిసారి మారథాన్‌కు సిద్ధమయ్యేవాళ్లు ప్రపంచమంతటా విరివిగా వాడే ప్లాన్‌లలో అమెరికా రన్నర్, రచయిత హాల్ హిగ్డన్ రూపొందించిన ‘నొవీస్ 1’ ఒకటి. అది 18 వారాల పట్టిక. వారానికి నాలుగు రోజులు పరుగు, ఒకరోజు సైకిలో ఈతో నడకో, మిగతా రెండు రోజులు విశ్రాంతి. పట్టిక చేతికి రాగానే అందరి చూపూ 15వ వారం శనివారం మీద పడుతుంది. అక్కడ 20 అని ఉంటుంది. మైళ్లు. మన లెక్కలో 32 కిలోమీటర్లు. గుండె ఝల్లుమంటుంది. చేయగలనా లేదా అన్న ఆలోచనంతా ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది. అదే వారం బుధవారం గడిలో 10 అని ఉంది. అంటే 16 కిలోమీటర్లు, అదీ ఆఫీసున్న రోజున. మధ్యలో ప్లాన్ వదిలేసేవాళ్లలో ఎక్కువమందికి చిక్కు వచ్చేది శనివారం దగ్గర కాదు, ఈ బుధవారం దగ్గరేనని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్క వేద్దాం. కొత్తగా పరుగు మొదలుపెట్టిన చాలామందికి మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగం కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల దరిదాపుల్లో ఉంటుంది. 16 కిలోమీటర్లకు 120 నిమిషాలు. పిల్లల స్కూల్ బస్సు ఏడున్నరకు వస్తుందంటే మీరు ఏడుకల్లా ఇంట్లో ఉండాలి. కాబట్టి నాలుగు ముప్పావుకి రోడ్డెక్కాలి, నాలుగుంబావుకి లేవాలి. ఏడు గంటల నిద్ర కావాలంటే ముందురోజు రాత్రి తొమ్మిదింటికల్లా పడుకోవాలి. హైదరాబాద్‌లో గచ్చిబౌలిలో ఉద్యోగం చేసి ఎనిమిదిన్నరకు ఉప్పల్ చేరే మనిషికి అది కుదిరే పనేనా? కుదిరితే ఈ ప్లాన్ ఆయనకు పనికొస్తుంది. కుదరకపోతే ప్లాన్ ఎంత మంచిదైనా ఆయనది కాదు. దీనికి ఒంట్లో సత్తువతోగానీ పట్టుదలతోగానీ సంబంధం లేదు.

కిలోమీటర్లను గంటల్లోకి మార్చండి

నొవీస్ 1 మొదటి వారంలో 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు ఉంటాయి. అన్నిటికంటే బరువైన 15వ వారంలో 40 మైళ్లు, 64 కిలోమీటర్లు. రేసును పక్కనపెట్టి 18 వారాల గడులన్నీ కూడితే సుమారు 700 కిలోమీటర్లు తేలుతుంది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల చొప్పున మొదటి వారం మూడు గంటలు, 15వ వారం ఎనిమిది గంటలు, మొత్తం 87 గంటలు. ఆరు నిమిషాలకు కిలోమీటరు పరుగెత్తేవారికి అదే ప్లాన్ 70 గంటల్లో అయిపోతుంది. తొమ్మిది నిమిషాలు పట్టేవారికి 105 గంటలు అవుతుంది. పట్టిక ఒక్కటే, అంకెలూ అవే. అయినా నెమ్మదిగా పరుగెత్తే మనిషి ఒకటిన్నర రెట్లు పని చేస్తున్నట్టు లెక్క. కొత్తవాళ్ల ప్లాన్‌లు కూడా కిలోమీటర్లలోనే రాసి ఉండటం వల్ల ఈ తేడా బయటికి కనపడదు.

వారంలో అతి దూరమైన పరుగు, అంటే లాంగ్ రన్ దగ్గర ఈ తేడా మరీ పెరుగుతుంది. 32 కిలోమీటర్లకు ఒకరికి 3 గంటల 12 నిమిషాలు, ఇంకొకరికి 4 గంటలు, మరొకరికి 4 గంటల 48 నిమిషాలు. కాళ్లకు కిలోమీటర్లు తెలియవు. ఎంతసేపు నేలను తాకుతున్నాయో అదే వాటికి తెలుస్తుంది. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ అందుకే లాంగ్ రన్‌కు హద్దు పెట్టాడు. వారం మొత్తం దూరంలో నాలుగో వంతు, లేదా రెండున్నర గంటలు, ఏది తక్కువైతే అది. ఈ సూత్రం అనుభవమున్న వేగవంతులకు చక్కగా సరిపోతుంది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పట్టేవారికి మాత్రం రెండున్నర గంటలంటే 20 కిలోమీటర్లే. అంతకు మించకుండా 42 కిలోమీటర్ల రేసులో నిలబడమని తొలిసారి వచ్చినవారికి నేను చెప్పను. అలాగని నాలుగు ముప్పావు గంటలు పరుగెత్తమనీ చెప్పను. అంతసేపటి పరుగు తర్వాత అలసట తీరేసరికి తర్వాతి వారం సగం అయిపోతుంది. మూడు నుంచి మూడున్నర గంటల దగ్గర ఆగడం మేలని నా అభిప్రాయం. ఏడున్నర నిమిషాల వేగంలో అది 24 నుంచి 28 కిలోమీటర్లు.

ఈ అభిప్రాయానికి దగ్గరగా ఉన్న ప్లాన్ ఒకటి ఉంది. మిషిగన్‌కు చెందిన కెవిన్, కీత్ హ్యాన్సన్ సోదరుల పద్ధతిలో అత్యంత దూరమైన లాంగ్ రన్ 16 మైళ్లు, అంటే 26 కిలోమీటర్లే. అది వినగానే ‘అబ్బ, హాయి’ అనిపిస్తుంది. తొందరపడకండి. అందులో వారానికి ఆరు రోజులు పరుగు, బరువైన వారంలో మొత్తం 90 కిలోమీటర్ల చేరువకు వెళుతుంది. ఏడున్నర నిమిషాల లెక్కన 11 గంటలకు పైనే. ముందురోజుల అలసట తీరకుండానే ఆ 26 కిలోమీటర్లు పరుగెత్తాలి, మారథాన్ చివరి 26 కిలోమీటర్ల అనుభవాన్ని శరీరానికి అలా అలవాటు చేయాలన్నది వారి ఆలోచన. కాబట్టి మిగతా ఐదు రోజులనూ వదిలేసి లాంగ్ రన్‌ను మాత్రమే అరువు తెచ్చుకుంటే ఆ ప్లాన్ పనిచేయదు.

ఇక్కడ చూడాల్సింది వారంలో లాంగ్ రన్ వాటా. హ్యాన్సన్స్‌లో 90కి 26, అంటే నూటికి 29 పాళ్లు. హిగ్డన్ 15వ వారంలో 64కి 32, సరిగ్గా సగం. దక్షిణ కరోలినాలోని ఫర్మన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ‘ఫస్ట్’ పద్ధతిలో వారానికి మూడే పరుగులు, మరో రెండు రోజులు సైకిల్, ఈత, రోయింగ్ లాంటివి. అక్కడ వాటా సగం కూడా దాటుతుంది. పరుగు రోజులు తగ్గినకొద్దీ బరువంతా ఒక్కరోజు మీద పడుతుందన్నమాట. ‘వారానికి మూడు రోజులే’ అని ఆశపడి ఫస్ట్ ఎంచుకునేవాళ్లు దీన్ని చూడరు. ఆ మూడు రోజుల్లో ఒకటి ట్రాక్ మీద వేగంగా పరుగెత్తే రోజు, ఒకటి కొంచెం కష్టమైన వేగాన్ని నిలకడగా పట్టే టెంపో, మూడోది నిర్ణీత వేగంతో లాంగ్ రన్. అందులో తేలికపాటి (ఈజీ) పరుగు అనేదే లేదు. 32 కిలోమీటర్ల లాంగ్ రన్ కూడా ఒక్కసారి కాదు, పలుమార్లు వస్తుంది. రెండు మూడు హాఫ్ మారథాన్‌లు చేసి, సైక్లింగ్ అలవాటున్నవారికి అది మంచి పద్ధతి. ఆరు నెలల కిందట పరుగు మొదలుపెట్టినవారికి మాత్రం నేను సిఫారసు చేయను.

జెఫ్ గాలోవే దారి వేరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన ఈ అమెరికన్, పరుగు మధ్యలో మొదటి నిమిషాల నుంచే లెక్కప్రకారం నడవమంటాడు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, అలాగ. వారం మధ్యలో రెండుసార్లు అరగంట చొప్పున పరుగెత్తితే చాలు, బుధవారం బెడద లేదు. అయితే లాంగ్ రన్ పెరుగుతూ పెరుగుతూ రేసుకు ముందే 26 మైళ్లకు, అంటే మారథాన్ దూరానికే చేరుతుంది. దూరం పెరిగేకొద్దీ రెండు మూడు వారాలకోసారి మాత్రమే ఆ లాంగ్ రన్ వస్తుంది. ఆరు గంటలు రోడ్డు మీద ఉండే ఆదివారం ఇంట్లో ఒప్పుకుంటారా, నాలుగింటికి మొదలుపెట్టినా పది దాకా ఎండలో ఉండగలరా అన్నది ఇక్కడి ప్రశ్న. నడక మధ్యలో వస్తే అది పరుగే కాదని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. ఐదున్నర, ఆరు గంటల్లో పూర్తిచేయబోయే మనిషి చివర్లో ఎలాగూ నడుస్తాడు. తప్పక నడిచేకంటే ముందునుంచీ తానుగా నడవడం ఎంతో మేలు. రేసు కటాఫ్ సమయం మాత్రం ముందే చూసుకోవాలి.

మీ గత నెల, ప్లాన్ మొదటి వారం

పరుగు గాయాల గురించి మాట్లాడగానే పది శాతం సూత్రం వినిపిస్తుంది. వారం దూరాన్ని కిందటి వారంకంటే నూటికి పదికి మించి పెంచొద్దని. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. 532 మంది కొత్త రన్నర్లను రెండు బృందాలు చేశారు. ఒక బృందం పది శాతం సూత్రం పాటిస్తూ 13 వారాలు, ఇంకోటి తొందరగా 8 వారాలు సాధన చేశాయి. రెండింటిలోనూ గాయపడినవారు నూటికి 20 మంది దరిదాపు. అంటే ఆ సూత్రం వాళ్లను కాపాడలేదు. అలాగని ఎంతైనా పెంచుకోవచ్చని కాదు. 874 మంది కొత్త రన్నర్లను చూసిన 2014 నాటి డెన్మార్క్ పరిశోధనలో, వారం దూరాన్ని 30 శాతానికి మించి పెంచినవారికి కొన్ని రకాల గాయాలు ఎక్కువగా వచ్చే సూచన కనిపించింది.

2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూపును వారం మీదనుంచి ఒక్క పరుగు మీదకు మళ్లించింది. ఐదు వేలకు పైగా రన్నర్ల వివరాలు అందులో ఉన్నాయి. గత 30 రోజుల్లో చేసిన అతి దూరమైన పరుగుతో పోల్చి, ఇవాళ్టి పరుగు 10 నుంచి 30 శాతం పెరిగితే గాయం అవకాశం సుమారు 64 శాతం ఎక్కువైంది. దూరం రెట్టింపు దాటితే ఆ అవకాశం కూడా రెట్టింపు దాటింది. వారాల మధ్య తేడాతో మాత్రం అలాంటి సంబంధం కనపడలేదు. ఇలాంటి పరిశోధన కారణాన్ని తేల్చి చెప్పలేదు, సంబంధాన్నే చూపుతుంది. అయినా ప్లాన్ ఎంచుకునేవారికి ఇది చేతికందే కొలత.

నొవీస్ 1నే ఈ కొలతతో చూద్దాం. లాంగ్ రన్‌లు మైళ్లలో 6, 7, 5, 9, 10, 7, 12, ఎనిమిదో వారంలో హాఫ్ మారథాన్, ఆపైన 10, 15, 16, 12, 18, 14, 20. మూడో వారానికోసారి తగ్గుతుంది, అది బాగుంది. 18 నుంచి 20కి పెరుగుదల 11 శాతం, 16 నుంచి 18కి 12.5 శాతం. హాఫ్ తర్వాతి 15కి నూటికి 15. నాలుగో వారంలో 7 నుంచి 9కి దూకినప్పుడు 29 శాతం. అంటే పైపైన నెమ్మదైన ప్లాన్ అనిపించే దీంట్లో కూడా పది శాతం హద్దు మాటిమాటికీ దాటుతోంది. నాలుగో వారంలో 8 మైళ్లతో ఆగి, పక్కన ఒక వారం కలుపుకుంటే నష్టమేమీ లేదు.

అసలు ప్రమాదం మొదటి వారంలోనే ఉంది. ఆ వారం లాంగ్ రన్ 6 మైళ్లు, అంటే దాదాపు 10 కిలోమీటర్లు. గత నెలలో మీ అతి దూరమైన పరుగు 5 కిలోమీటర్లే అయితే మొదటి శనివారమే అది రెట్టింపవుతుంది. ఏ ప్లాన్ తీసుకున్నా ముందు మొదటి వారం చదవండి, చివరి వారాల్ని తర్వాత చూడొచ్చు. మీ గత నాలుగు వారాల సగటు ఆ వారానికి దగ్గరగా ఉందా? లాంగ్ రన్ మీ గత నెల అతి దూరపు పరుగుకంటే పది శాతం లోపే ఉందా? రెండింటికీ అవునంటే ఆ ప్లాన్ మీకు సరిపోయినట్టే. లేదంటే ముందు రెండు మూడు నెలలు వారానికి 20, 24 కిలోమీటర్ల పునాది వేసుకోవాలి. పీట్ ఫిట్జింగర్ 18/55 లాంటి ప్లాన్ మీద కొందరికి మోజు ఉంటుంది. అందులో బరువైన వారం 55 మైళ్లు, 88 కిలోమీటర్లు. అది ఒకటి రెండు మారథాన్‌లు పూర్తిచేసినవారి సరుకు.

వెనక్కి లెక్కపెడితే ఏ నెల వస్తుంది?

అమెరికాలో రాసిన ప్లాన్‌లకు మన ఎండ తెలియదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలాఖరున జరుగుతుంది. ఆగస్టు ఆఖరి ఆదివారం నుంచి 18 వారాలు వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ చివరి వారం తగులుతుంది. ప్లాన్ మొదటి ఐదారు వారాలు నడివేసవి. మే నెలలో హైదరాబాద్‌లో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 39 డిగ్రీల దరిదాపు ఉంటుంది. తెల్లవారుజామున కూడా 26 కిందికి దిగడం కష్టం. విజయవాడలో ఇంకా ఎక్కువ, దానికి తోడు ఉక్కపోత. వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అలవాటయ్యాక కూడా అదే ప్రయాసకు వేగం తగ్గుతుంది. పునాది వేసుకునే నెలలు కూడా కలిపితే ఫిబ్రవరి నుంచీ ఎండతోనే సావాసం. ఆ తర్వాత బరువైన వారాలు జూలై ఆఖరు, ఆగస్టు మొదట్లో, అంటే వానల్లో. చివరికి రేసు రోజున ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, గాలిలో తేమ. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పరుగెత్తినవారికి అది చదునైన దారి కాదని పిక్కలే చెబుతాయి. అది గొప్ప రేసు, మన ఊరి రేసు. కానీ మొదటి ఫుల్ మారథాన్ అక్కడ చేయమని నేను చెప్పను. ముందు ఏడాది అక్కడ హాఫ్ చేసి, ఫుల్‌కు జనవరి చూసుకోవడం మంచిది.

2004లో మొదలైన ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. వెనక్కి 18 వారాలు లెక్కపెడితే సెప్టెంబర్ మధ్య. వానలు తగ్గుతుంటాయి, ప్లాన్‌తోపాటే చలి పెరుగుతుంది. 13 నుంచి 15 వరకు ఉండే కఠినమైన వారాలు డిసెంబర్‌లో పడతాయి. తెలుగునేల మీద పరుగుకు అంతకంటే మంచి నెల లేదు. ఏడున్నర దాకా చల్లగానే ఉంటుంది, ఐదింటికి మొదలుపెడితే 20 కిలోమీటర్లు చెమట పెద్దగా పట్టకుండానే అయిపోతాయి. రేసు రోజున ముంబైలో ఉదయం తొమ్మిది దాటాక ఎండ, సముద్రపు తేమ రెండూ పట్టుకుంటాయి. చివరి పది కిలోమీటర్లలో పెడ్డర్ రోడ్ ఎత్తు ఎదురవుతుంది. అందుకని డిసెంబర్‌లో రెండు లాంగ్ రన్‌లనైనా కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి, ఆఖరి గంట ఎండలో, ఎత్తున్న దారిలో పరుగెత్తి చూసుకోవాలి.

ఈ 18 వారాల మీద మన పండుగలు కూడా రాసుకోండి. దసరాకు ఊరు వెళతారు, ప్లాన్ మొదటి ఐదారు వారాల్లో ఒకటి పోతుంది. దీపావళి తర్వాత రెండు మూడు రోజులు హైదరాబాద్ గాలి పీల్చేలా ఉండదు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవారు ఆదివారం లాంగ్ రన్ చేస్తే, కాళ్లు కోలుకోవడానికి తిండి కావాల్సిన రోజునే కడుపు ఖాళీగా ఉంటుంది. వాళ్లు లాంగ్ రన్‌ను హిగ్డన్ పట్టికలో ఉన్నట్టే శనివారానికి మార్చుకుంటే ఇబ్బంది తీరుతుంది. రంజాన్ పాటించేవారు ఆ నెల అంతా వచ్చే ప్లాన్‌ను ఎంచుకోకపోవడమే మంచిది. సంక్రాంతి రేసుకు ముందు వారం రోజుల్లోపే వస్తుంది. అరిసెలకు భయపడనక్కర్లేదు, ఆ వారంలో పిండిపదార్థాలు ఎక్కువ తినమనే పుస్తకాలూ చెబుతాయి. నూనెలో దేవినవి రేసు ముందురోజు మాత్రం వద్దు. ఇవన్నీ కలిపి చూస్తే 18 వారాల ప్లాన్‌కు క్యాలెండర్‌లో 21, 22 వారాలు కేటాయించడం అవసరం. జ్వరానికి ఒక వారం, పెళ్లికి ఒక వారం, ఆఫీసులో ఊపిరాడని పనికి ఒక వారం. ఈ సర్దుబాటు లేకుండా వేసుకున్న ప్లాన్ తొలి ఆటంకానికే చెదిరిపోతుంది. ఆ కంగారులో తప్పిపోయిన పరుగులన్నీ ఒకే వారంలో చేయాలని చూస్తారు, గాయం అక్కడే కాచుకుని ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో పట్టికలు చెప్పని లెక్కలు ఇంకా ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకంటే తగ్గితే దాన్ని రక్తహీనత అంటారు. ఆ స్థితిలో వారానికి 50, 60 కిలోమీటర్ల సాధన మొదలుపెడితే కాళ్లు బరువెక్కి, ఊపిరి అందక, ‘నాలోనే లోపం ఉందేమో’ అని ఎందరో కుంగిపోతారు. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయే దానికి అన్ని వారాల నిస్పృహ ఎందుకు? ప్లాన్ దించుకునే ముందు ఆ పరీక్ష చేయించుకోండి. ఇక నాలుగు ముప్పావుకి చీకట్లో ఒంటరిగా రెండు గంటల పరుగు మగవాడికీ ఆడమనిషికీ ఒకటి కాదు. వీధికుక్కలు, వెలగని దీపాలు, వెంటపడే బళ్లు. బుధవారం 16 కిలోమీటర్లను ఎనిమిది చొప్పున ఉదయం, సాయంత్రంగా విడగొట్టుకోవచ్చు, లేదా రన్నింగ్ గ్రూపు కలిసే రోజుకు మార్చుకోవచ్చు. మొత్తం దూరంకంటే తోడు ముఖ్యమైన రోజులుంటాయి. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉన్నవారు ఆడామగా తేడా లేకుండా డాక్టర్‌ను కలిశాకే మొదలుపెట్టాలి.

టార్గెట్ సమయం చూసి ప్లాన్ కొనొద్దు

‘సబ్ 4’, ‘సబ్ 4:30’ (నాలుగు గంటల్లోపు, నాలుగున్నర గంటల్లోపు) అని పేర్లు పెట్టిన ప్లాన్‌లు తొలిసారివారిని ఊరిస్తాయి. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువగా పీటర్ రీగెల్ 1977లో ఇచ్చిన సూత్రం నుంచి. హాఫ్ సమయాన్ని సుమారు 2.085తో గుణిస్తే ఫుల్ సమయం వస్తుందంటుంది ఆ సూత్రం. హాఫ్ 2 గంటల 15 నిమిషాల్లో చేశారనుకోండి. 135 నిమిషాలకు లెక్క 281 నిమిషాలు, అంటే 4 గంటల 41 నిమిషాలు. వినడానికి ఇంపుగా ఉంది. కానీ 2016లో 2,300 మందికి పైగా మామూలు రన్నర్ల సమయాలు తీసుకుని పరిశీలిస్తే, హాఫ్ దాకా బాగా పనిచేసిన ఈ సూత్రం మారథాన్ దగ్గర తడబడింది. దాదాపు సగం మందికి అది చెప్పిన సమయం అసలు సమయంకంటే కనీసం పది నిమిషాలు తక్కువగా తేలింది. వారానికి 60 కిలోమీటర్లు మించని కొత్తవారికి, మన వాతావరణంలో, ఆ 4:41కి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి ఐదు గంటలనుకోవడమే న్యాయం. 4:41 అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు. ఐదు గంటలంటే 7 నిమిషాల 6 సెకన్లు. తేడా 26 సెకన్లే. కానీ మొదటి 25 కిలోమీటర్లు ఆ 26 సెకన్లు తొందరపడినవారే 32వ కిలోమీటరు దగ్గర ఆగిపోతారు.

ఆగిపోవడానికి ఇంకో కారణం తిండి. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు సుమారు 60 కిలోకేలరీలు ఖర్చవుతాయి, 42 కిలోమీటర్లకు 2,500. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఇచ్చేది 2,000 దరిదాపు. మిగతాది కొవ్వు నుంచి కొంత, దారిలో తిన్నదాని నుంచి కొంత రావాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోమని క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. 40 గ్రాముల చొప్పున ఐదు గంటలకు 200 గ్రాములు, 800 కిలోకేలరీలు. జెల్ అయినా, అరటిపండైనా, ఖర్జూరమైనా కడుపు ఒప్పుకోవాలి కదా. అది లాంగ్ రన్‌లలోనే తేల్చుకోవాలి. నీళ్ల విషయంలో అతి కూడా ముప్పే. 2002 బాస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం పడిపోయింది. నాలుగు గంటలకు మించి పట్టినవారిలో, దారిలో బరువు పెరిగేంతగా తాగినవారిలో ఆ ముప్పు ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగడం, చెమట ఎక్కువ పట్టేవారు ఉప్పు కలిపిన మజ్జిగో ఓఆర్‌ఎస్‌నో సాధనలోనే అలవాటు చేసుకోవడం మంచిది. మంచి ప్లాన్‌లో లాంగ్ రన్ గడి పక్కన ఇవి రాసుకోవడానికి చోటుండాలి. లేకపోతే మీరే రాసుకోండి.

ఇక ఎంపిక. వారం మధ్యలో ఒకరోజు గంటన్నర, రెండు గంటలు నిజంగా దొరికేవారికి, గత మూడు నెలలుగా వారానికి 20 కిలోమీటర్లకు తగ్గకుండా పరుగెత్తుతున్నవారికి హిగ్డన్ నొవీస్ 1 సరైనది. కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు, అంతకంటే ఎక్కువ పట్టేవారు అందులో 18, 20 మైళ్లున్న గడుల్లో మూడున్నర గంటలు అని రాసుకుని అక్కడితో ఆగాలి. వారం మధ్యలో అరగంటకు మించి దొరకనివారికి, బరువు ఎక్కువున్నవారికి, యాభై దాటాక మొదలుపెట్టినవారికి గాలోవే దారి హాయిగా ఉంటుంది. హ్యాన్సన్స్ రెండోసారి మారథాన్‌కు ఉంచుకోవచ్చు. వీటిలో ఒక్కటే ఎంచి చెప్పమంటే, తొలిసారివారిలో ఎక్కువమందికి నొవీస్ 1ని గంటల్లోకి మార్చి ఇస్తాను.

రేసుకు ముందు చివరి వారాల్లో దూరం తగ్గించే టేపర్ గురించి ప్లాన్‌లన్నీ దాదాపు ఒకే మాట చెబుతాయి. 2007లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు రెండు వారాలపాటు దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించి, పరుగు రోజులనూ వేగాన్నీ అలాగే ఉంచినవారికి లాభం ఎక్కువగా కనిపించింది. హిగ్డన్ పట్టికలో 40 మైళ్ల వారం తర్వాత 29, ఆపైన 21 వస్తాయి. శిఖరంతో పోలిస్తే 21 అంటే 47 శాతం తగ్గింపు. సరిపోయింది.

రేసు డబ్బులు కట్టేముందు ప్లాన్ మొదటి మూడు వారాలు చేసి చూడటం మంచిది. రిజిస్ట్రేషన్ గడువు ముందే ఉంటే, ఫుల్ నుంచి హాఫ్‌కు మార్చుకునే వీలుందో లేదో నిబంధనల్లో చదివి కట్టండి. ఆరో వారం పూర్తయిన ఆదివారం కాగితం ముందు పెట్టుకుని లెక్క చూడండి. ఆ ఆరు వారాల్లో 24 పరుగులుంటాయి. అందులో 18కి తక్కువ చేసి ఉంటే, లేదా ఒకేచోట నొప్పి పరుగు మొదలైనప్పటినుంచీ పెరుగుతూ వారానికి మించి ఉంటే, ఈసారి హాఫ్‌కు మారండి. అదే పట్టికలో ఎనిమిదో వారం దాకా వెళితే హాఫ్ దూరం వచ్చేస్తుంది, దానికోసం వేరే ప్లాన్ వెతకనక్కర్లేదు.